నాపరాతి ఇంటికి ఏ డ్రిల్లు?

కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు... ఏ ఊళ్ళో హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి బ్యాటరీ డ్రిల్లు అడిగినా ఇప్పుడు ఒక ప్లాస్టిక్ పెట్టె తెరిచి ముందు పెడుతున్నారు. అందులో ఒక డ్రిల్లు, దాని పక్కన పొట్టి మూతితో ఇంపాక్ట్ డ్రైవరు, రెండు బ్యాటరీలు, ఒక ఛార్జరు ఉంటాయి. వోల్టులు, న్యూటన్ మీటర్లు, నిమిషానికి ఎన్ని చుట్లు అన్నవి పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉంటాయి. చిన్నాచితకా పనులకు ఎవరి కోసమో ఎదురుచూడకుండా తామే చేసుకుందామనుకునే వాళ్ళు ఈ సెట్టు కొనుక్కుంటున్నారు. మంచి ఆలోచనే. కానీ కొనేముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటి ఆ పెట్టె మీద ఉండదు. మీ ఇంటి గోడ దేనితో కట్టారు?

ఈ జంట మిషన్లకు బాగా గిరాకీ ఉన్న అమెరికాలో మామూలు ఇంటి గోడ అంటే కొయ్య చట్రం, దానికి బిగించిన జిప్సం పలక. జపాన్‌లో కూడా సొంత ఇళ్ళు చాలావరకు కొయ్యతో కట్టినవే. అక్కడ ఇంటిపని అంటే ప్రధానంగా కొయ్యలోకి స్క్రూలు దించడం. ఆ పనికి ఈ సెట్టు అచ్చంగా సరిపోతుంది. మన రాయలసీమ ఇంట్లో గోడ రాయి, నేల రాయి, వంటింటి గట్టు రాయి, గూట్లో అరలు రాయి, పాత ఇళ్ళలో కప్పు కూడా బండలే. కొత్త ఇల్లయితే కాంక్రీటు. వీటికి తోడు మార్చి నుంచి జూన్ దాకా మాడ్చేసే ఎండ. ఇంటి రాయి, ఊరి ఎండ ఈ రెండింటినీ చూసి మిషను ఎంచుకోవాలన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

ముందు రాయి. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల కింద పరుచుకున్న ప్రాచీన శిలల పళ్ళాన్ని భూగర్భ శాస్త్రంలో కడప బేసిన్ అంటారు. దాని విస్తీర్ణం సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. భారత భూగర్భ సర్వేలో పనిచేసిన విలియం కింగ్ 1872లోనే ఈ శిలల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఈ శిలల వరసలు చదువుతుంటే మన ఊళ్ళ మీదుగా బస్సులో పోతున్నట్టే ఉంటుంది: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. వీటిలో డ్రిల్లు పట్టుకున్నవాడు గుర్తుపట్టాల్సినవి రెండే జాతులు. ఒకటి సున్నపురాయి, రెండోది క్వార్ట్‌జైట్.

మనం నాపరాయి, కడప బండ, బేతంచెర్ల బండ అని పిలుచుకునేవన్నీ సున్నపురాయి జాతివే. ఇందులో ప్రధాన ఖనిజం కాల్సైట్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ మానంలో దానిది 3వ స్థానం. మామూలు ఇనుప మేకుతో గట్టిగా గీస్తే గీత పడుతుంది. క్వార్ట్‌జైట్‌లో ఉండేది క్వార్ట్జ్. దానిది 7వ స్థానం. దాని మీద గీస్తే మేకే అరిగి మెరుపు చార మిగులుతుంది. ఈ రెండింటి తేడా చూడాలంటే బెలుం గుహలకు, గండికోటకు వెళ్ళి రావచ్చు. కొలిమిగుండ్ల దగ్గర బెలుంలో భూగర్భ జలం సున్నపురాయిని కరిగించుకుంటూ మూడు కిలోమీటర్లకు పైగా దారులు తొలిచింది. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల ఉనికిని నమోదు చేశాడు. గండికోటలో పెన్నానది కోసింది క్వార్ట్‌జైట్‌ను. కరగని రాయి కాబట్టే ఆ లోయ గోడలు అంత నిటారుగా, అంచులు అంత పదునుగా నిలబడ్డాయి.

ఇంట్లో ఏ రాయి ఉందో తెలియకపోతే ఒక మూల నుంచి కాస్త పొడి గీకి, దాని మీద నిమ్మరసం చుక్క వేయండి. సున్నపురాయి పొడి అయితే సన్నగా బుడగలు లేస్తాయి. క్వార్ట్‌జైట్ ఉలకదు పలకదు. గోడకు సిమెంటు పూత ఉంటే పూత పొడి కూడా బుడగలు కక్కుతుంది కాబట్టి అసలు రాయినే గీకాలి. నునుపు చేసిన వంటగట్టు మీద మాత్రం ఈ పరీక్ష వద్దు. నిమ్మరసం పడిన చోట మెరుగు పోయి మచ్చ నిలిచిపోతుంది; కడప బండ గట్టున్న ప్రతి ఇల్లాలికీ ఈ సంగతి తెలుసు.

ఇక మిషను లోపలికి వెళదాం. కొయ్యను, ఇనుమును బిట్టు కోస్తుంది. గట్టి రాయిని కోయడం దానివల్ల కాదు, నలగ్గొట్టాల్సిందే. అలాంటి రాతిలో రంధ్రం పడాలంటే రెండు పనులు జరగాలి: దెబ్బకు రాయి నలగాలి, తిరుగుడుకు ఆ పొడి బయటికి రావాలి. చేతి ఉలితో రాతికి తూటు వేసేవాళ్ళు సుత్తి దెబ్బ దెబ్బకూ ఉలిని కొంచెం తిప్పేది అందుకే. మిషన్లన్నీ ఈ రెండు పనుల్నే వేరువేరు పాళ్ళలో చేస్తాయి. షాపుల్లో దాదాపు ఒకే రకం పేర్లతో తిరిగే మూడు మిషన్లు నిజానికి మూడు రకాలుగా కొడతాయి. ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే కాబట్టి కొంచెం నింపాదిగా చూద్దాం.

సెట్టులో వచ్చే డ్రిల్లుకు సుత్తి గుర్తు ఉంటే దాన్ని హ్యామర్ డ్రిల్లు అంటారు. ఆ గుర్తు దగ్గరికి రింగు తిప్పితే లోపల పళ్ళున్న రెండు ఉక్కు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి. పన్ను మీదికి పన్ను ఎక్కి దిగినప్పుడల్లా బిట్టు ఒక సన్న వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఆడుతుంది. నిమిషానికి ఇరవై వేలకు పైగా దెబ్బలు, కానీ ఒక్కోటీ చాలా చిన్నది. పైగా మీరు వెనక నుంచి నొక్కితేనే ఆ దెబ్బకు బలం. ఇటుక గోడకు, మెత్తని నాపరాతి గోడకు ఇది చాలు. కాంక్రీటులో కంకరరాయి అడ్డం వస్తే, లేదా గోడలో క్వార్ట్‌జైట్ తగిలితే, బిట్టు అక్కడే తిరుగుతూ ఎర్రగా కాలి పదును పోగొట్టుకుంటుంది. మనిషి నొక్కినకొద్దీ మోటారు వేడెక్కుతుంది తప్ప రంధ్రం లోతు పెరగదు.

రెండోది రోటరీ హ్యామర్. కరెంటు మిస్త్రీలు, ఏసీలు బిగించేవాళ్ళు తెచ్చే బరువైన మిషను ఇదే. దీని లోపల ఒక ముషలకం ముందుకూ వెనక్కూ నడుస్తూ గాలిని నొక్కుతుంది. ఆ నొక్కుడు గాలి ఒక ఉక్కు గుండును బిట్టు వెనక్కి విసురుతుంది. నిమిషానికి నాలుగైదు వేల దెబ్బలే, కానీ చిన్న మిషన్లలో కూడా ఒక్కో దెబ్బకు ఒకటి నుంచి మూడు జౌళ్ళ శక్తి. మీరు నొక్కనక్కర్లేదు, తిన్నగా పట్టుకుంటే చాలు. దీని బిట్టు వెనకభాగం గాడితో ఉంటుంది. మామూలు చక్‌లో లాగా బిగుసుకుపోకుండా గాడి పొడవునా జారుతూ దెబ్బ తీసుకుంటుంది. ఎస్‌డీఎస్ ప్లస్ అని రాసి ఉండే 10 మిల్లీమీటర్ల గాడి బిట్లు ఇవే. కాంక్రీటు స్లాబుకు ఫ్యాను హుక్కు, గోడకు గీజరు, కిటికీ గ్రిల్లు యాంకర్లు అంటే ఈ మిషను పనే. బ్యాటరీ డ్రిల్లుతో పది నిమిషాలు కుస్తీ పట్టే రంధ్రాన్ని ఇది నిమిషం లోపల ముగిస్తుంది.

మూడోది ఇంపాక్ట్ డ్రైవరు. ఇది కూడా కొడుతుంది, కానీ ముందుకు కాదు. తిరిగే దిక్కులో కొడుతుంది. లోపల ఒక ఉక్కు దిమ్మ స్ప్రింగుకు ఆనుకుని తిరుగుతుంటుంది. స్క్రూ బిగుసుకుని ఎదురు తిరగగానే ఆ దిమ్మ వెనక్కి జారి, స్ప్రింగు తోయగానే ముందుకు దూకి, తిరుగుతున్న ఊపంతటితో బిట్టు పట్టుకున్న దవడల్ని పక్కనుంచి బాదుతుంది. తుప్పు పట్టిన బోల్టు రాకపోతే స్పానరు తగిలించి దాని చివర సుత్తితో కొట్టే మెకానిక్కును చూశారు కదా, అదే పనిని ఈ మిషను నిమిషానికి మూడు వేల సార్లకు పైగా చేస్తుంది. అందుకే అరచేతిలో ఇమిడే మిషనుకు 150 నుంచి 180 న్యూటన్ మీటర్ల మెలితిప్పు బలం వస్తుంది. పక్కనున్న డ్రిల్లుకు ఉండేది 50, 60 మాత్రమే. దెబ్బ దెబ్బకూ మధ్య ఖాళీ ఉండడం వల్ల ఆ బలం మీ మణికట్టును మెలిపెట్టదు. స్క్రూలకు, నట్లకు దీన్ని మించింది లేదు. రాతి గోడకు రంధ్రం వేయమంటే మాత్రం ఇది పనికిరాదు, ఎందుకంటే దాని దెబ్బ రాతి లోపలికి పోయే దెబ్బ కాదు. మన మార్కెట్టులో కరెంటుతో నడిచే హ్యామర్ డ్రిల్లును కూడా ఇంపాక్ట్ డ్రిల్ అని అమ్ముతుంటారు. కొనేటప్పుడు పేరు చూడకండి, మూతి చూడండి. మూడు దవడల చక్ ఉంటే డ్రిల్లు. పావు అంగుళం ఆరు పలకల తొర్ర ఉంటే ఇంపాక్ట్ డ్రైవరు.

ఇప్పుడు మన ఇళ్ళలో ఎక్కువగా పాడయ్యే పని ఒకటి దగ్గర నుంచి చూద్దాం: గూట్లోని కడప బండ అరకు రంధ్రం వేయడం. బండ మందం ముప్పావు అంగుళం, అంటే దాదాపు 20 మిల్లీమీటర్లు. రాయి మీద బరువు పెడితే మోస్తుంది, సాగదీస్తే మాత్రం ఇట్టే విరుగుతుంది. నొక్కుడుకు తట్టుకునే బలంలో సుమారు పదో వంతే లాగుడుకు ఉంటుంది. పైగా నాపరాయి పుట్టుకే పొరలు పొరలుగా. గనిలో పలకలు తేలిగ్గా లేవడానికి ఏ పొరలు సాయం చేస్తాయో, సుత్తి దెబ్బకు మీ అర విరగడానికీ ఆ పొరలే దారి ఇస్తాయి. బిట్టు అడుగు వైపు చేరేసరికి మిగిలిన పల్చని పొర కింద ఆసరా లేక లాగుడుకు గురవుతుంది. అప్పుడు దెబ్బ పడితే రూపాయి బిళ్ళంత, ఒక్కోసారి అరచేయంత పెచ్చు కింద రాలిపోతుంది.

కాబట్టి బండ మీద సుత్తి గుర్తు వైపు రింగు తిప్పకూడదు. ఉత్త తిరుగుడే చాలు, గేరు ఒకటిలో, అంటే తక్కువ వేగంలో పెట్టాలి. రాయి మెత్తనిదే కాబట్టి పదునైన కార్బైడ్ మొన ఉన్న బిట్టు గీకుతూ దిగుతుంది. గుర్తు పెట్టిన చోట టేపు ముక్క అతికిస్తే బిట్టు జారదు. కిందివైపు ఒక చెక్కముక్కను బండకు ఆనించి గట్టిగా అదిమి ఉంచాలి; ఆ ఆసరా ఉంటే పెచ్చు రాలదు. అంచుకు రెండు అంగుళాల లోపల రంధ్రం పెట్టకపోవడం మంచిది. రెండు మిల్లీమీటర్లు దిగగానే నాలుగు చుక్కల నీళ్ళు పోయండి. నల్లబండ లోంచి బూడిదరంగు బురద పైకి వస్తుంది. వస్తున్నంతసేపూ పని నడుస్తున్నట్టు. బురద ఆగి కీచుమన్న చప్పుడు మొదలైతే బిట్టు ఒట్టినే రుద్దుకుంటోందని అర్థం, బయటికి తీసి కడిగి మళ్ళీ పెట్టాలి. చివరి నాలుగైదు మిల్లీమీటర్లలో చేతి బరువు తీసేయాలి. వీలైతే అవతలి వైపు నుంచి కూడా వేసి మధ్యలో కలపాలి. కుళాయి కోసం గట్టుకు 35 మిల్లీమీటర్ల పెద్ద రంధ్రం కావాలంటే డైమండ్ పొడి అద్దిన గుండ్రటి కోర్ బిట్టు దొరుకుతుంది. దానికి నీళ్ళు ఇంకా ఎక్కువ కావాలి.

నీళ్ళు అనగానే బ్యాటరీ మిషను అసలు లాభం కనబడుతుంది. 230 వోల్టుల కరెంటు డ్రిల్లు చేతబట్టుకుని తడి బండ దగ్గర నిలబడడం ప్రాణంతో చెలగాటం. 18 వోల్టుల బ్యాటరీ షాకు కొట్టదు. నిచ్చెన మీద ఉన్నప్పుడు వైరు కాళ్ళకు చుట్టుకోదు. పొలంలో బోరు పెట్టె దగ్గర, కరెంటు లేని కొత్త కట్టుబడిలో దీనికి తిరుగులేదు. బ్యాటరీ వైపు మొగ్గడానికి ఈ కారణాలు చాలు. కాకపోతే అది దేనికి బలమో దేనికి బలహీనతో తెలిసి మొగ్గాలి.

రంధ్రంలోంచి పొడి తీయడం అనేది చాలామంది పట్టించుకోని సంగతి. దీనికి చంద్రుడి మీద జరిగిన ఉదాహరణ ఉంది. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ బ్యాటరీతో నడిచే డ్రిల్లుతో చంద్రుడి నేలలో ఉష్ణమాపకాల కోసం రంధ్రాలు వేయబోయాడు. మూడు మీటర్ల లోతు దాకా పోవాల్సిన బోరు సగం దారిలోనే బిగుసుకుపోయింది. బోరు కడ్డీల అతుకుల దగ్గర మెలికల గాడి కొనసాగకపోవడంతో పొడి పైకి రాక కడ్డీని పట్టేసింది. తర్వాతి యాత్రలకు కడ్డీల రూపం మార్చారు. ఇంటి గోడలో కూడా ఇదే జరుగుతుంది. మన పొడి గాలిలో రాతి పిండి రంధ్రంలో గట్టిగా దట్టించుకుపోతుంది. అంగుళానికోసారి తిరుగుతున్న బిట్టును బయటికి లాగి పొడి రాల్చండి. ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కాంక్రీటులోను, క్వార్ట్‌జైట్‌లోను ఉండే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి చేరితే మళ్ళీ బయటికి రాదు. అన్నట్టు, బ్యాటరీ డ్రిల్లును నాసా కనిపెట్టిందన్న ప్రచారం నిజం కాదు. బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ అపోలో యాత్రలకు ముందే, 1961లో, దాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. చంద్రుడి డ్రిల్లు తయారీలో ఆ కంపెనీ తర్వాత పాలుపంచుకుంది.

1961 నాటి ఆ తొలి బ్యాటరీ డ్రిల్లులో ఉన్నది నికెల్ కాడ్మియం బ్యాటరీ. బరువెక్కువ, శక్తి తక్కువ. సోనీ కంపెనీ 1991లో లిథియం అయాన్ సెల్లును అమ్మకానికి తెచ్చాక, 2003లో బాష్ ఒక చిన్న స్క్రూడ్రైవరులో దాన్ని వాడింది. రెండేళ్ళ తర్వాత పెద్ద డ్రిల్లుల్లోకి కూడా వచ్చింది. ఈ రోజు పెట్టె మీద కనిపించే వోల్టుల లెక్క ఆ సెల్లు నుంచే వస్తుంది. ఒక సెల్లు సగటు వోల్టేజి 3.6, నిండా ఛార్జి అయినప్పుడు 4.2. మూడు సెల్లులు వరసగా కలిపితే 10.8; దాన్నే 12 వోల్టుల మిషను అంటారు. అయిదు కలిపితే 18. అదే అయిదు సెల్లుల్ని నిండు ఛార్జి మీద కొలిస్తే 21 వస్తుంది, 20 మ్యాక్స్ అని రాసినా 21 అని రాసినా ఉన్నవి ఆ అయిదే. కాబట్టి 18 కన్నా 21 గొప్పదని ఎక్కువ డబ్బు ఇవ్వకండి. చవక పెట్టెల మీద 48వీఎఫ్ అనీ 88వీఎఫ్ అనీ ఉండే అంకెలు వోల్టులు కానే కావు. వాటిని నమ్మి కొనొద్దు.

నిజంగా చూడాల్సింది వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చే వాట్ అవర్లు. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లు అంటే 36 వాట్ అవర్లు. గోడ ప్లగ్గులో పెట్టే 600 వాట్ల డ్రిల్లు పూర్తి బలంతో లాగితే ఇంత శక్తి నాలుగు నిమిషాలు కూడా రాదు. బ్యాటరీ మిషను అంత బలంతో లాగదు, అందుకే ఎక్కువసేపు వస్తుంది. కాంక్రీటుకు అవసరమైనది ఆ బలమే. కాంక్రీటు పని చాలా ఉన్న ఇంటికి బ్యాటరీ సెట్టు ఎందుకు చాలదో ఈ ఒక్క లెక్క తేలుస్తుంది.

ఇక ఎండ. లిథియం బ్యాటరీకి మన వేసవిని మించిన శత్రువు లేదు. సెల్లు లోపల ఎలక్ట్రోడుకు, ద్రావణానికి మధ్య ఒక పల్చటి పొర ఉంటుంది. వేడి పెరిగినకొద్దీ ఆ పొర మందమవుతూ లిథియాన్ని మింగేస్తుంది. బ్యాటరీ పట్టే ఛార్జి శాశ్వతంగా తగ్గిపోతుంది. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందన్నది మోటు లెక్కే అయినా ఇక్కడ బాగా పనికొస్తుంది. 25 డిగ్రీల గదిలో ఉన్న బ్యాటరీతో పోలిస్తే 45 డిగ్రీల రేకుల షెడ్డులో పడి ఉన్నది సుమారు నాలుగింతల వేగంతో ముసలిదవుతుంది. నిండుగా ఛార్జి చేసి పెడితే ఇంకా త్వరగా. మకీటా కంపెనీ తన చేతిపుస్తకాల్లో బ్యాటరీని 10 నుంచి 40 డిగ్రీల మధ్య ఉన్న గదిలోనే ఛార్జి చేయాలనీ, 50 డిగ్రీలు చేరే చోట ఉంచకూడదనీ రాస్తుంది. కర్నూలు, కడపల్లో మే నెలలో 40 దాటడం మామూలు సంగతి. ఎండలో నిలిపిన కారు లోపల, మిద్దె మీద రేకుల గదిలో 50 దాటడం కూడా మామూలే. జపాన్‌లోనో జర్మనీలోనో ఆ హెచ్చరిక ఎప్పుడో వేసవిలో ఒకట్రెండు వారాలకు వర్తిస్తుంది. మనకు మూడు నెలలు వర్తిస్తుంది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. వేసవిలో తెల్లవారుజామున ఛార్జి పెట్టండి. పని ముగియగానే వేడిగా ఉన్న బ్యాటరీని ఛార్జరులో పెట్టకండి, కూలరు గాలి తగిలే చోట అరగంట ఉంచండి. మంచి ఛార్జర్లు బ్యాటరీ చల్లబడే దాకా ఛార్జి మొదలుపెట్టవు. దీపం మినుకుమంటూ ఆగి ఉంటే చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జితో ఇంట్లో చల్లని మూల, మట్టి మిద్దె ఇల్లయితే లోపలి గదిలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీసినప్పుడు తేమ పడుతుంది. ఎండ కారణంగానే మరో మాట: బ్రష్‌లెస్ మోటారు ఉన్న మిషనుకు కొంత ఎక్కువైనా ఇవ్వొచ్చు. కార్బన్ బ్రష్‌ల రాపిడి లేనందువల్ల వేడి తక్కువ, అదే ఛార్జికి పని ఎక్కువ, మన దుమ్ముకు అరిగిపోయే భాగం ఒకటి తక్కువ.

ఇంపాక్ట్ డ్రైవరు రాతి గోడకు పనికిరాదన్నానని అది వృథా అనుకోవద్దు. మన దగ్గర దానికి వేరే చోట పని ఉంది. గొడ్ల కొట్టానికి, మిద్దె మీద నీడకు రేకులు వేసేవాళ్ళు ఇనుప పైపుల్లోకి సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు దించుతారు. ఆ పనికి ఇదే సరైన మిషను. ఇనుప మంచాల బోల్టులు, గేటు బందులు, షేడ్ నెట్ స్తంభాలు కూడా దీనికి లోకువే. ఒక్కటే జాగ్రత్త. రేకు స్క్రూ తల కింద నల్లటి రబ్బరు వాషరు ఉంటుంది. అది కొంచెం అణిగి రేకుకు అంటుకుంటే చాలు. ఈ మిషను ట్రిగ్గరు మరో అర సెకను నొక్కితే వాషరు నలిగి పక్కలకు ఉబ్బుతుంది. నలిగిన రబ్బరు రెండు వేసవుల ఎండకు పగుళ్ళు బారి, మొదటి గట్టి వానకు అక్కడే కారుతుంది. వేగం తగ్గించే మీట ఉన్న మిషను కొని, చివరి బిగింపు అందులోనే చేయాలి. ఇంటి పైన సోలారు పలకలు బిగించేవాళ్ళకూ ఇదే మాట. అల్యూమినియం క్లాంపుల బిగువుకు లెక్క ఉంటుంది, దాన్ని టార్క్ స్పానరుతో చూడాలి.

పాత ఇళ్ళ దూలాలు, ద్వారబంధాల సంగతి ఇంకొకటి. తరాల పాటు ఎండిన టేకు, నల్లతుమ్మ కొయ్య దాదాపు ఎముకలా ఉంటుంది. ఇంపాక్ట్ డ్రైవరుతో నేరుగా స్క్రూ దించితే స్క్రూ తల తెగి చేతికొస్తుంది, లేదా కొయ్య నిలువునా చీలుతుంది. ముందు డ్రిల్లుతో స్క్రూ నడుం మందాన సన్న బెజ్జం వేసి, స్క్రూకు కాస్త కొవ్వొత్తి మైనం రాసి, డ్రిల్లు క్లచ్ మీదే దించాలి. డ్రిల్లు మెడ దగ్గర అంకెలున్న రింగే ఆ క్లచ్. అనుకున్న బిగువు రాగానే టకటకమని జారి ఆగిపోతుంది. ఇంపాక్ట్ డ్రైవరుకు ఈ సదుపాయం ఉండదు. జతలో డ్రిల్లు కూడా ఎందుకుండాలో ఇదొక కారణం.

మట్టి అడుసుతో కట్టిన పాత రాతిగోడల్లో మరో చిక్కు. బిట్టు రెండు రాళ్ళ సందున పడితే సర్రున దిగిపోతుంది, స్క్రూకు పట్టు ఇచ్చే రావల్ ప్లగ్ పెడితే చుట్టూ తిరుగుతుంది. ఈ ప్లగ్గు పని చేసేదే చుట్టూ ఉన్న గట్టి పదార్థాన్ని ఒత్తుకుని. జాన్ రాలింగ్స్ అనే ఆంగ్లేయుడు బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడవకుండా సామాను బిగించడానికి 1910 ప్రాంతంలో జనపనారతో దీన్ని చేశాడు. ఇప్పుడు మనం వాడే నైలాన్ రకం 1958లో జర్మనీలో ఆర్టర్ ఫిషర్ తెచ్చినది. ఒత్తుకోవడానికి మట్టి తప్ప ఏమీ లేనప్పుడు అది పట్టు దొరక్క ఊడి వస్తుంది. అటువంటి గోడల్లో పూతను వేలితో తట్టి చూసి, గట్టిగా మోగిన చోట, అంటే రాతి నడిమధ్యన రంధ్రం వేయాలి. సందులోనే తప్పదంటే మట్టి తీసి సిమెంటు నింపి, వారం రోజులు తడుపుతూ ఆగి, అప్పుడు వేయాలి. ఎక్కడ వేసినా స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద వేయొద్దు; వైర్లు ఆ దారినే పోతాయి. మెయిన్ ఆపి మొదలుపెట్టండి.

ఇక ఏది కొనాలి? నా లెక్క ఇది. కాంక్రీటు స్లాబు, కాంక్రీటు స్తంభాలున్న కొత్త ఇల్లయి, ఏడాదికి నాలుగైదు రంధ్రాలకు మించి పని లేకపోతే బ్యాటరీ సెట్టు మీద డబ్బు పెట్టకండి. కరెంటుతో నడిచే 13 మిల్లీమీటర్ల చక్ ఉన్న హ్యామర్ డ్రిల్లు సగం ధరకే వస్తుంది, వేసవికి ముసలిదయ్యే బ్యాటరీ బెడద లేదు. స్లాబుకు, స్తంభానికి రంధ్రం కావాల్సినప్పుడు రోటరీ హ్యామర్ అద్దెకు తెచ్చుకోండి, లేదా అది ఉన్న మిస్త్రీని పిలవండి. నాపరాతి గోడలు, కడప బండ అరలు, కొయ్య తలుపులున్న ఇల్లయితే 18 వోల్టుల బ్రష్‌లెస్ హ్యామర్ డ్రిల్లు ఒక్కటి చాలు. ఇంపాక్ట్ డ్రైవరును రేకులో, షెడ్డో, పొలం పనో ఉన్నప్పుడే దాని పక్కన చేర్చండి, అదీ ఒకే కంపెనీ బ్యాటరీతో నడిచేదే. బిట్లకు మాత్రం పిసినారితనం వద్దు. మంచి కార్బైడ్ బిట్టు ఉన్న మామూలు మిషను, చవక బిట్టు ఉన్న ఖరీదైన మిషను కన్నా మీ రాతిలో ముందు దిగుతుంది.

కొనేటప్పుడు బ్యాటరీ మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, ఐఎస్ 16046 అన్న అంకె ఉన్నాయో లేదో చూడండి. విడిగా బ్యాటరీ ఎంతకు దొరుకుతుందో అక్కడే అడగండి. మన ఎండకు మిషను కన్నా ముందు మార్చాల్సి వచ్చేది అదే. సర్వీసు సెంటరు మీ జిల్లాలో ఉందో లేదో కూడా కనుక్కోండి. పాడైన బ్యాటరీని చెత్తలో పారేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారుదే.